చెవులు అడ్డంగా

మూడో రౌండులో ఊడిపోయింది లేసు.
ఎప్పుడూ మూడో రౌండే,
ఎప్పుడూ ఎడమ కాలే.

వశిష్ట గట్టు మీద తెల్లారుజామున
మంచులో సగం మునిగిన కొబ్బరిచెట్లని
లెక్కపెడుతూ పరిగెడతాను.
లాకుల దగ్గర్నుంచి నర్సాపురం రేవు దాకా
నూటపద్దెనిమిది.
తొంభై దాటేసరికి
చీలమండకి టప్ టప్ మని చిన్న దెబ్బలు,
ఎవరో వెనకనుంచి తట్టి పిలిచినట్టు.

వంగుతాను. కడతాను.
వంగిన ప్రతిసారీ పదకొండు సెకన్లు.
కానిస్టేబుల్ ఉద్యోగం
పదకొండు సెకన్లలో పోతుందని
కోచింగు మాస్టారు రెండుసార్లు చెప్పాడు,
రెండోసారి నన్నే చూస్తూ.

అన్నీ చేశాను.
ముడి మీద ముడి వేశాను,
ఇంటికొచ్చాక పళ్ళతో పీకాల్సొచ్చింది,
నోటినిండా గట్టు మట్టి.
కొసల్ని మేజోళ్ళలో దోపాను.
చెల్లి జడ రబ్బరుబ్యాండ్లు చుట్టాను.
తడిపి కట్టమంది సూరాయమ్మ పిన్ని,
ఎండెక్కేసరికి మళ్ళీ వదులు.
గుండ్రటి నైలాను లేసు,
బురదపాములా నున్నగా ఉంటుంది,
దాన్ని తిట్టాను. బూట్లని తిట్టాను.
పాలకొల్లులో బేరమాడి
ఎనభై రూపాయలు తగ్గించుకున్న నన్నూ తిట్టుకున్నాను.

ఆ రోజు రేవులో
పంటు ఎక్కే చోట కూలబడ్డాను.
అవతల సఖినేటిపల్లి దీపాలు
ఒకటొకటే ఆరుతున్నాయి.
గుంజకి తాడు చుడుతున్న బొమ్మిడి నూకరాజు
నా కాలివైపు చూశాడు,
మొహంవైపు కాదు.

"చెవులు ఎటు పడుకున్నాయమ్మాయ్?"

అర్థం కాలేదు.

"ముడి చెవులు. బూటుకి అడ్డంగా పడుకోవాల,
గేదె కొమ్ముల్లాగ.
నీవి నిలువుగా ఉన్నాయి సూడు,
ఒకటి వేళ్ళకేసి, ఒకటి మడంకేసి.
అడుగేసినప్పుడల్లా కాస్త తిరుగుద్ది,
తిరిగి తిరిగి జారుద్ది.
దానికి నీమీద కోపమేం లేదు.
తిరగేసి పుట్టింది, అంతే."

బూటన్నది ఎరగని కాళ్ళు ఆయనవి,
ఉప్పునీళ్ళకి నెర్రెలిచ్చిన వేళ్ళు.
నా లేసు ముట్టుకోలేదు.
తన తాడు కొసలే రెండు ఒళ్ళో పెట్టుకుని అడిగాడు,
"ముందు ఏ కొస పైకేస్తావ్?"
"కుడిది."
"ఎడమది ఎయ్యి. అదొక్కటే మార్చు.
మిగతాదంతా నీ చేతికెలా వస్తే అలాగే."

ఇరవైరెండేళ్ళ చేతులు
చంటిపిల్ల చేతులైపోయాయి.
ఎడమది అనుకుంటే కుడిదే లేస్తుంది.
మళ్ళీ. మళ్ళీ.

"ఒకసారి నేనూ తిరగేసి కట్టాను," అన్నాడు
నది వైపు తిరిగి,
"మా నాన్న నావ.
మూడోరోజున అంతర్వేది ఇసకలో దొరికింది.
ఎవరిదో మేక ఎక్కి కూచుంది దాంట్లో."
నవ్వాడో లేదో తెలీదు,
అప్పుడే పంటు ఇంజను మొదలైంది.

ఐదోసారి
అడ్డంగా పడుకున్నాయి చెవులు.
లాగి చూశాను, బిగిసింది.
కొస పట్టి గుంజాను,
అడిగినందుకే అన్నట్టు విడిపోయింది.
మళ్ళీ కట్టాను.

మర్నాడు తొంభై చెట్లు దాటాను.
ఎవరూ పిలవలేదు.
ఆ నిశ్శబ్దానికి భయమేసి
కాలివైపు చూసుకుంటూ
లెక్క తప్పిపోయాను.

అప్పట్నుంచి నాకిదో జబ్బు.
పంటు మీద, బస్సులో, బ్యాంకు లైన్లో
మనుషుల్ని మొహాలతో కాదు,
ముళ్ళతో గుర్తుపడతాను.
మాస్టారివి నిలువే.
చెప్పలేదు.

ఏలూరు గ్రౌండులో
సున్నం గీత దగ్గర నా పక్కన
నాలుగువందల పదిహేడో నంబరమ్మాయి,
కొత్త బూట్లు, పెదవుల మీద ఏదో జపం.
ఎడమ కాలి చెవులు
ఒకటి వేళ్ళకేసి, ఒకటి మడమకేసి.
ఇద్దరిలో ఒకరికే ఉద్యోగం అన్నట్టు
ఎండ మండుతోంది.
సారు జేబులో విజిలు వెతుక్కుంటున్నాడు.

"ఏమండీ, ఎడమది పైకేసి కట్టండి" అన్నాను.

ఆమె నా మొహంవైపు చూసింది,
కాలివైపు కాదు.