రెండో సిలిండరు

సిగ్నల్ పడితే చాలు, నా ఆమ్నీకి చలిజ్వరం.
పరిగెత్తినంతసేపూ ఓర్చుకుంటుంది,
ఆగితేనే వణుకు.
ఇంజను నా సీటు కిందే కదా,
ముందు నా తొడల్లోకి, తర్వాత స్టీరింగులోకి,
ఆఖరికి వెనకున్న అట్టపెట్టెల్లోకి.

నిన్న బాణసవాడి కేకు మీద
అడిగి మరీ తెలుగులో రాయించుకున్న పేరు, హితైషి.
నేను డబ్బా తెరిచేసరికి
మొదటి అక్షరం గుడి జారి
రెండో దాని నెత్తిన కూర్చుంది.
ఆ తల్లి ఏమీ అనలేదు.
బేకరీ ఓనరు అన్నాడు. రెండొందలు కోశాడు.

పెట్రోలు కల్తీ అన్నాడు పాలబండి మునియప్ప.
బంకు మార్చాను.
కార్బురేటరు కడిగించు అన్నాడు ఇంకెవరో.
కడిగించాను.
అమ్మెయ్ అన్నాడు బావమరిది.
వాడికి చెప్పుకోవడం నాదే బుద్ధి తక్కువ.

విల్సన్ గార్డెన్లో చమన్ సాబు షెడ్డు.
కదిరి మనిషి. చెవులు మందం.
అందరిలా స్క్రూడ్రైవరు చెవికి ఆనించడు.
సీటు లేపి, ఇంజను పక్కన
సగం తాగిన టీగ్లాసు పెట్టి
అందులో వలయాలు చూస్తూ కూర్చున్నాడు.
"ఒకటీ, రెండూ... మూడోది రాలేదే.
ముక్కాలిపీటకి ఒక కాలు లేదప్పా ఓబులేసూ."

పాత హవాయి చెప్పు ముక్కతో పట్టుకుని
మొదటి ప్లగ్గు వైరు పీకాడు.
బండి గొంతు పట్టేసినట్టు గింజుకుంది.
మళ్ళీ తగిలించాడు.
మూడోది పీకాడు. చచ్చేంత పనయింది దానికి.
రెండోది పీకాడు.
ఏమీ లేదు.
అదే వణుకు, అదే టీ, అవే వలయాలు.
"సూస్తివా, తీసినా తేడా లేదు.
పని సెయ్యనోడు వీడే."

పోయిన నెల నాకు జ్వరమొచ్చి
నాలుగు రోజులు పనికి పోలేదు.
బన్నులన్నీ ఏ అంగడికి చేరాల్సినవి ఆ అంగడికి చేరాయట.
ఈ సంగతి సాబుకి చెప్పలేదు.
చెప్పినా వినపడదు.

ప్లగ్గు విప్పితే మసి, తడి, పచ్చి పెట్రోలు వాసన.
కొత్తది బిగించాడు. వణుకు పోలేదు.
వాల్వు పోయిందా? గ్యాస్కెట్టా?
నా కళ్ళ ముందు అంకెలు పెరుగుతున్నాయి.
సాబు మాత్రం పొద్దు గూకేదాకా ఆగమన్నాడు.

చీకటి పడ్డాక షట్టరు దించి, లైటు ఆర్పి,
పక్క ఇస్త్రీబండి నుంచి నీళ్ళు చిమ్మే సీసా తెప్పించి
వైర్ల మీద సన్నగా కొట్టించాడు.
బండి మూలిగింది.
"అల్లి నోడి!" అని అరిచాడు కుర్రాడు సిద్ధేశ.
రెండో వైరు నడుమ
ఒక నీలం చీమ
టిక్కు టిక్కుమంటూ ఇనుము మీదికి దూకుతోంది.
ఇంకోటి. ఇంకోటి.
ముగ్గురం వంగి, ఊపిరి బిగబట్టి,
అంత అందమైన జబ్బుని చూస్తూ ఉండిపోయాం.

"వాడి తప్పు గాదప్పా," అన్నాడు సాబు
చీకట్లోనే, నెమ్మదిగా.
"వానికి రావాల్సింది దావలోనే కారిపోతాండాది.
నిప్పు అందకుంటే ఎవడు మండుతాడు?"

జేసీ రోడ్డులో వైర్ల సెట్టు నాలుగొందల యాభై.
ఇంజను కింద రబ్బరు ఒకటి చిట్లింది,
అది వచ్చే నెల చూద్దామన్నాడు.
"రవ్వంత ఊగుతాది. మూడే సిలిండర్లు గదా,
బొత్తిగా ఊగకుంటే అప్పుడు నా కాడికి రా."

పొద్దున లాల్‌బాగ్ గేటు దగ్గర
తొంభై సెకన్ల సిగ్నల్.
బండి ముద్దగా, మూడు గొంతులతో, గొణుగుతోంది.
వెనక్కి చూశాను, కేకు కదల్లేదు.
నా ఎడమచెయ్యి మాత్రం
ఇంకా డబ్బా మీదే ఉంది, నొక్కిపెట్టి.