సందు

మొదటి రోజు ఐదు తూటాలిచ్చారు.
ఐదూ ఎక్కడికెళ్ళాయో
మంగళగిరి కొండకే తెలియాలి.
నాకు తెలిసిందల్లా
కుడి భుజం మీద ఐదుసార్లు
పాడిగేదె కాలు విసిరిందని.

రాత్రి బారక్‌లో చొక్కా దించి చూసుకుంటే
చిదిమిన నేరేడుపండు.
పక్కమంచం నాగలీల బామ్ రాస్తూ
"ఇంతకీ ఇది ముందుకి కాలుస్తుందా, వెనక్కా?" అంది.
నవ్వితే కూడా నొప్పే.

హవల్దారు పోలినాయుడిది సిక్కోలు యాస.
"బయపడి దూరంగా అట్టుకుంటే తంతాదమ్మా.
ఎముక మీద కాదు, కింద గుంటుంది సూడు,
అందులో కూకోబెట్టు. సెంప ఆనించు.
నీకూ దానికీ మజ్జిన
సీమ దూరే సందుండకూడదు.
ఊపిరి సగం వదులు. ట్రిగ్గరు లాగకు, పిండు."

అన్నీ చేశాను.
త్రీ నాట్ త్రీని చంటిబిడ్డలా హత్తుకున్నాను.
అయినా వేలికంటే ముందు
కనురెప్ప వాలేది.
కాయితం మీది మనిషి బొమ్మకి
మూడు వారాలు ఒంటి మీద గీత పడలేదు.

ఒక పొద్దున తనే తుపాకీ నింపి ఇచ్చాడు,
నాకు వీపు తిప్పి.
గురి పెట్టాను. సగం ఊపిరి. పిండాను.
టక్.
అంతే. పేలలేదు.
పొగ లేదు, చప్పుడు లేదు,
గొట్టం మాత్రం జానెడు కిందికి దిగింది,
భుజం వెనక్కి పోయింది,
పళ్ళు బిగుసుకున్నాయి, కళ్ళు మూతపడ్డాయి.
లోపల వట్టి గుల్ల పెట్టాడు ఆయన.
వరసలో ఉన్న పదకొండుమందీ చూశారు,
రాని దెబ్బకి నేను తిన్న దెబ్బ.

పోలినాయుడు నవ్వలేదు.
"ఇప్పుడు తన్నిందెవులు?" అన్నాడు,
అంతే, పక్క తుపాకీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆదివారం సెలవిస్తే గుంటూరు బస్సెక్కాను.
మిర్చి యార్డు గేటు దాటగానే ఏడు తుమ్ములు.
"మూణ్ణెల్లకే ఘాటు మర్చిపోయావేంది మీరాబీ"
అన్నాడు నాయన, ఎర్రటి దుమ్ములోంచి.
ఆయన మెడకీ భుజానికీ నడుమ
నిమ్మకాయంత కాయ.
ముప్పై ఏళ్ళుగా అక్కడ కాసింది అదొక్కటే.

ఇద్దరు టిక్కీ ఎత్తి
ఆయన మీద దించుతుంటే చూస్తూ నిలబడ్డాను.
చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే.
ఆ రోజు ఊపిరి చూశాను.
మూట తాకే లోపే సగం వదిలాడు.
సగం ఉంచుకున్నాడు.
మూటకీ వీపుకీ మధ్య గాలి లేదు,
వెలుతురు కూడా లేదు.
కన్ను తెరిచే ఉంది.

టీ కొట్టు దగ్గర అడిగాను.
"మొదటి టిక్కీకి నేనూ ముందే వంగిపోయా,
అదీ నేనూ ఇద్దరం బురదలో.
మేస్త్రీ ఆ పూట కూలి కోశాడు" అన్నాడు.
"మరి ఎట్టా అలవాటైంది?"
గ్లాసు అడుగున టీపొడి తిప్పి తిప్పి చూశాడు.
"బరువు వచ్చినప్పుడు వచ్చిద్ది.
ముందే ఎదురెళ్ళి తెచ్చుకోటం దేనికి?
లే, రెండో లారీ వచ్చింది."
పోలినాయుడి సంగతి ఆయనకి చెప్పలేదు.
నాయన సంగతి ఈయనకీ చెప్పలేదు.

పరీక్ష రోజు ఇసుక బస్తాల వెనక పడుకున్నాను.
పేలిన సంగతి నాకే కాస్త ఆలస్యంగా తెలిసింది.
తోపు భుజంలోంచి వీపులోకి,
నడుంలోంచి మడమల్లోకి పోయి
ఎక్కడో నేలలో కలిసిపోయింది.
కొండమీంచి కాకులు లేచాయి.

నాలుగు లోపల, ఒకటి బయట.
ఆ ఒకటి ఏదో నాకు తెలుసు,
మూడోది.
నాలుగూ లోపలే పడితే
నాయనకి ఎట్టా చెప్పాలా అని
ముందే వెళ్ళొచ్చాను.

మచ్చ పసుపుపచ్చకి తిరిగింది.
కాయ ఇంకా కాయలేదు.