ఎడమకాలు

క్వారీలో బండ జారిన కాన్నుంచి
నా ఎడమకాలు క్లచ్చి తొక్కదు.
ఇరవైమూడేండ్లు తొక్కిందే, ఇంగ చాలంటాది.
అందుకే కొన్నా ఈ ఆటోమేటిక్ పికప్పును.
డీజిలుది, సెకండాండుది,
బళ్లారి సేటు వాడి వదిలేసింది.
రెండే పెడళ్లు.
కుడికాలు ఒక్కటే కూలికి పోతాది,
ఎడమది రచ్చబండ మీద కూచున్న మనిషి మాదిరి
ఊరికే చూస్తాంటాది.

తాడిపత్రిలో బండలేసుకోని
ముచ్చుకోట ఎక్కల్ల.
బలం చాల్లేదని బళ్లారిలోనే ఒక పిల్లోడు
ల్యాప్‌టాప్ తగిలిచ్చి
ఇంజను చెవిలో ఏందో చెప్పినాడు.
ఆ పొద్దునుంచి అది కోడెగిత్త.
అయితే మూడో మలుపులో
రంకె వేస్తాది, ముందుకు పోదు.
ముల్లు నాలుగువేలకు ఎగురుతాది,
చక్రం నడక మర్చిపోతాది.
చేంతాడు తెగినాక గిలక తిరిగినట్ల
లోపల ఏందో ఉత్తగా తిరుగుతాది.

అనంతపురం, గుత్తి రోడ్డు, వన్నూరప్ప షెడ్డు.
డిప్‌స్టిక్ లాగి, వేలికి అద్దుకోని వాసన చూసినాడు
మా అవ్వ మజ్జిగ పులిసిందా అని చూసినట్ల.
ఎర్రగుండాల్సిన నూనె
డికాషను రంగుకు తిరిగింది.
"ఇంజనుకు మేత పెట్టినావు సరే,
ఆ జోరును పట్టుకునే చేతులకు
ఏం పెట్టినావప్పా?"
నేను చెప్పుల దిక్కు చూసుకున్నా.

గేరుబాక్సు కడుపు విప్పితే
మాడిపోయిన జొన్నరొట్టెల దొంతి.
క్లచ్చి ప్లేట్లంట.
ఇన్నాళ్లూ నా కాలి పని
చీకట్లో చేసింది ఇవే.
నూనె వచ్చి నెడితే ఒకదాన్నొకటి కరుచుకోవల్ల.
నెట్టుడు చాలక జారినాయి,
జారి కాలినాయి,
కాలినందుకు ఇంగా జారినాయి.
"మన అప్పుల కథే" అన్నాడు వన్నూరప్ప,
నవ్వకుండా.

ఓబుళమ్మ పాడిన చీటీ డబ్బులు
బెంగుళూరుకు పోయి
బస్సు మీద పార్సిలై తిరిగొచ్చినాయి.
ఐదు ప్లేట్లుండే తావులో పల్చటివి ఆరు,
కన్వర్టరు వేరేది, బరువుది,
వాల్వుబాడీలోకి రోంత మొండి స్ప్రింగు.
రేడియేటరు ముందర పలకంత కూలరు.
మన యెండకు అది లేకుంటే
ఎన్ని ప్లేట్లేసినా బూడిదేనంట.

వాల్వుబాడీ లోపల చీమలు తవ్విన దారులు.
ఆ దారుల్లో జొన్నగింజంత ఉక్కు గోళీలు ఏడుండల్ల.
తాంబాళంలో ఆరే ఉండాయి.
షెడ్డంతా ఊడ్చినాము,
కిరసనాయిలును గుడ్డతో వడగట్టినాము.
పొద్దు గుంకేదాకా ఎవరూ ఎవరితో మాట్లాడలేదు.
ఆఖరికి చేతికింద ఉండే ఖాజా
ఇంటికి పోదామని చెప్పు విదిలిస్తే
టింగుమనింది.
వన్నూరప్ప వాన్ని తిట్టలేదు.
టీ తెప్పిచ్చినాడు,
వానికి బన్ను కూడా.

గురువారం దర్గాలో ఊదుకడ్డీ ముట్టిచ్చొచ్చి
తాళం చేతిలో పెట్టినాడు.
"గేరు పడేటప్పుడు వీపు మీద చరుస్తాది, బెదరగాకు.
దాంట్లో మెత్తదనం తీసేసినా.
ఇంగొకటి, ఆ బళ్లారోడు పెట్టిన బలంలో
సగం తీపిచ్చుకో."
తల ఊపినా.
ఇంగా తీపిచ్చుకోలేదు, నిజం చెప్పల్లంటే.

ముచ్చుకోట, మూడో మలుపు.
వెనక టన్ను నల్లబండ,
ఎవరింట్లో పరుచుకుంటారో, ఎవరి పాదాలకు చల్లగుంటాదో.
తొక్కినా.
చరిచింది.
ముల్లు పక్కకు జరగలేదు.
చక్రం తారును కరుచుకోని
మెట్టు మెట్టుగా ఎక్కతాంది.
ఎదురుగొచ్చే లారీకి లైటు కొడతా
కిందికి చూస్తే,
ఎడమకాలు చెప్పు విడిచేసి
లేని పెడలును
బొటనవేలితో ఒత్తతాంది,
గేరు గేరుకూ, తప్పకుండా.

నొప్పి పుడతాదని తెలుసు.
వద్దనలేదు.