ముప్పై ఆంపియర్లు

రాక్‌పోర్ట్‌లో ఆగస్టంటే ఎండ కాదు, ఉక్క.
ఎండ నెత్తికెక్కి కూర్చుంటుంది,
నీడకి పోతే దిగిపోతుంది.
ఉక్క చొక్కాలో దూరి
మనతోపాటే నీడలోకీ వస్తుంది.

థర్మన్ ప్రూయిట్ ముప్పై ఏళ్ళు రొయ్యల పడవ నడిపాడు.
ఇప్పుడు ముప్పై ఆరడుగుల ట్రైలరు. కదలదు.
చక్రాల మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగింది.
నేను వ్యాను మీంచి నిచ్చెన దించకముందే చెప్పేశాడు:
"పదిహేను వేల బీటీయూలది. రెండు.
ముందొకటి, వెనకొకటి.
దానికంటే పెద్దది దొరికితే అదే వెయ్యి."

రొయ్యల్ని తూచినట్టే తూస్తున్నాడు చల్లదనాన్నీ,
ఎంత బరువుంటే అంత లాభమని.

నేను టేపు తీశాను.
పొడుగు ముప్పై ఆరు, వెడల్పు ఎనిమిది.
పైకప్పుకి లోపలినుంచి చెయ్యి ఆనిస్తే
ఇప్పుడే పొయ్యి మీంచి దింపిన పెనం.
పడమట మూడు కిటికీలు. చెట్టు లేదు.
ఉన్న ఓక్ చెట్టుని తుఫాను పట్టుకుపోతే
మిగిలిన మొద్దు మీద నెల్డా
పుదీనా కుండీ పెట్టుకుంది.

చెప్పాను:
పెద్ద మిషను తొందర మనిషిలాంటిది.
పది నిమిషాల్లో గాలిని చల్లార్చేసి
పనైపోయిందని పడుకుంటుంది.
తడి ఎక్కడిదక్కడే.
ఉప్పు డబ్బాలో ఉప్పు గడ్డకడుతుంది,
ఒళ్ళు వణుకుతుంది, దుప్పటి చెమ్మగిల్లుతుంది.
చిన్నది ఆగకుండా నడుస్తుంది,
తడిని చుక్కచుక్కా బయటికి మోస్తుంది.
పదమూడున్నర వేలవి చాలు.

"నీకు అమ్మడం చేతకాదు," అన్నాడు థర్మన్.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు.
కరెంటు స్తంభం దగ్గరికి తీసుకెళ్ళి మూత తెరిచాను.
ముప్పై ఆంపియర్లు.
ఈ వరసంతా అంతే.
యాభైవి నీళ్ళ వైపు వరసలో ఉన్నాయి,
అద్దె ఎక్కువ, ఖాళీ లేదు.
రెండు మిషన్లూ ఒకేసారి వేసి
నెల్డా మైక్రోవేవ్ నొక్కిందా, అంతా చీకటే.
"ముందుదైనా వెయ్యి, వెనకదైనా వెయ్యి.
రెండూ కలిపి మాత్రం కాదు."

థర్మన్ నెల్డా వైపు చూడలేదు.
నెల్డా మడతపెట్టిన తువ్వాలునే
విప్పి మళ్ళీ మడతపెట్టింది.

లోపలికెళ్ళాక కనిపించింది.
ముందు సోఫా మీద ఒక దిండు, పక్కన రేడియో.
వెనకగదిలో ఇద్దరి మంచం మీద ఒకటే దిండు.
మధ్యలో వంటగది, ఒక జారుడు తలుపు.

"గురక," అంది నెల్డా, నేనేమీ అడగకుండానే.
"మోకాలు," అన్నాడు థర్మన్, అదే క్షణంలో.

నా లెక్కల కాగితంలో
చదరపు అడుక్కి ఇంత, కిటికీకి ఇంత,
మనిషికి ఇంత అని ఉంటుంది.
మనిషికి, అంటే ఒంట్లోంచి వచ్చే వేడికి.
ఆ మనిషి ఏ చివర పడుకుంటాడని
అడిగే గడి అందులో లేదు.

రెండూ పదమూడున్నర వేలవే బిగించాను.
పద్నాలుగంగుళాల చదరపు కన్నం, చుట్టూ రబ్బరు,
నాలుగు బోల్టులు.
వదులైతే వాన కారుతుంది,
మరీ బిగిస్తే రబ్బరు నలిగిపోయి కారుతుంది.
స్విచ్చు పక్కన పెన్నుతో రాశాను:
పైన ముందు, కింద వెనక.
థర్మన్ డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు,
ఇంకా అలిగే ఉన్నాడు.

సెప్టెంబరు చివర ఫోను చేశాడు.
ముందు మిషను మొరాయించిందట.
ఎక్కి మూత విప్పితే
కందిరీగలు మట్టితో గూడు కట్టేశాయి,
ఎండి గట్టిపడిన గూడు.
"దీన్ని వేసి ఎన్నాళ్ళయింది?"
థర్మన్ కిందనుంచి ఏదో గొణిగాడు,
పెలికాన్ల అరుపుల్లాంటిదేదో, మాట కాదు.
సోఫా నిండా చిరిగిన వలలు, సూది, దారపు ఉండ.

గూడు డబ్బాలో వేసుకుని దిగుతుంటే
నెల్డా పుదీనా వేసిన చల్లటి టీ ఇచ్చింది.
"మరి గురకో?" అన్నాను.

"తగ్గలేదు.
కానీ ఆ వెనకది చిన్నది కదా," అంది,
"రాత్రంతా మోగుతూనే ఉంటుంది.
మధ్యలో ఆగదు."