ఒక పిన్ను తక్కువ

డిసెంబరు రెండో ఆదివారం
మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి
ఆటోతో బేరమాడుకుంటూ వస్తారు మావాళ్ళు.
కంభం నుంచి ఇద్దరు, రాచర్ల నుంచి ఒక కుటుంబం,
పొదిలి మీదుగా కనిగిరి వాళ్ళు, ఎప్పుడూ ఆలస్యమే.
చుట్టాలం కాము. ఒక కులమూ కాదు.
మా నాయన్లు డెబ్బై ఒకటిలో
ఒకే నది మీద ఒకే వంతెన కట్టారు, అంతే.

గాలిరెడ్డి కొడుకుది మూతబడిన పలకల ఫ్యాక్టరీ.
ఆ షెడ్డులోనే కలుస్తాం.
గోడకి ఆనించిన పెద్ద పలక మీద
ఇరవై మూడు పేర్లు బలపంతో రాస్తాను నేను.
ఎవరూ అప్పజెప్పిన పని కాదు,
మా నాయన ఇస్రాయేలు దస్తూరీ నాకొచ్చిందని
ఒకసారి ఎవరో అన్నారు.
నలుగురు ఆ నది దగ్గరే ఆగిపోయారు,
వాళ్ళవి కొంచెం ఒత్తి రాస్తాను.
అయినా ఏడాది తిరిగేసరికి
బూజుకర్ర తగిలో, పిలకాయల వీపులు ఆనుకునో
కొందరు చెరిగిపోయి ఉంటారు.
మళ్ళీ దిద్దుతాను.

కథ మాత్రం పలక మీద ఉండదు.
నోట్లో ఉంటుంది, అందుకే పెరుగుతుంది.
నా చిన్నప్పుడు ఆ నది అరవై గజాలు.
ఇప్పుడు నూటయాభై దాటింది.
చలి కూడా బాగా ముదిరింది.
మారనిది ఇదొక్కటే:
తెల్లారేలోపు బండ్లు దాటాలి,
ఒక పిన్ను తక్కువైంది,
గాలిరెడ్డి గడ్డపార దూర్చి
రాత్రంతా దాని మీద కూర్చున్నాడు.
బండి ఎక్కినప్పుడల్లా
ఎముకల్లో గంట కొట్టినట్టుండేదట.

కూరలో ఉప్పు కూడా మారదు.
వంటవాడు కాశింపీరా ఉప్పు మూట
ఆ నదిలోనే పడిపోయింది.
ఆ పొద్దున తిన్న చప్పిడి పప్పు
బతికొచ్చినవాళ్ళకి పండగ వంటైంది.
కాశింపీరా పోయి ఆరేళ్ళు.
కూతురు మాబున్ని గరిటె పట్టింది.
ఉప్పు డబ్బా ఇంట్లోనే పెట్టి వస్తుంది.

కాశింపీరా ఒక విస్తరి ఎక్కువ వేసేవాడు.
ఎవరికని అడిగితే పొయ్యి ఊదేవాడు.
ఇరవై నాలుగోవాడు తిరుపాలు.
అర్ధవీడు మనిషి. ఆ రాత్రి కనపడకుండా పోయినవాడు.
ఆ పేరు నేను రాయలేదు, ఎవరూ చదవలేదు.
విస్తరి మాత్రం పడేది.
చివరికి కుక్కలు తినేవి.

మొన్నటి ఆదివారం
కనిగిరి వాళ్ళకంటే ఆలస్యంగా ఒక పిల్ల వచ్చింది.
చెప్పులు విప్పింది, లోపలికి రాలేదు.
తిరుపాలు మనవరాలినంది.
గుడ్డ సంచిలోంచి తీసింది
జానెడు ఇనుప పిన్ను.

పిలకాయలు కూడా నోరు మూశారు.
మిగిలిన ఒకే ఒక్కడు, సుబేదారు మస్తాన్‌వలి మామ,
ఎనభై ఆరేళ్ళ చేతుల్లో దాన్ని తూచి చూశాడు.
తిట్టడానికే నోరు తెరిచాడనుకున్నాను.
"తుప్పు పట్టలేదే" అన్నాడు.
"శనివారం శనివారం ఆముదం రాసేవాడు తాత.
ఎందుకంటే, అడిగినప్పుడు ఇచ్చెయ్యాలి గదా అనేవాడు."

యాభై ఏళ్ళు దాటింది. ఎవరు అడిగారు?
జేబులో వేసుకుని పారిపోయాడో,
పారిపోయాక జేబులో ఉందని తెలిసిందో,
ఆ పిల్లకీ తెలీదు.

గాలిరెడ్డి కొడుకు లేచి బయటికి వెళ్ళాడు.
బీడీ కాల్చుకుని వచ్చాడు. ఏమీ అనలేదు.
నా చేతిలో బలపం ఉంది, పలక అడుగున జాగా ఉంది.
రాయమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు.
'తి' దాకా రాసి ఆగాను.

మాబున్ని వచ్చి ఆ పిల్ల రెక్క పట్టుకుని
ఆ విస్తరి ముందు కూర్చోబెట్టింది.
పిల్ల తలొంచుకుని ఒక ముద్ద తిని,
"ఉప్పు మర్చిపోయినట్టున్నారక్కా" అంది.

మస్తాన్‌వలి మామ గొంతు సవరించుకున్నాడు.
పిన్ను ఇంకా ఆయన ఒళ్ళోనే ఉంది.
"నది అరవై గజాలే ఉండేది"
అని మొదలుపెట్టాడు.