గీత

యాభై ఏళ్లయిందని పుస్తకం వేస్తన్నారంట.
పెద్దన్న కొడుకు ఫోన్ చేశాడు,
"అత్తా, తాత పాత ఫొటో ఏదన్నా ఉందా?"
మొదటి పేజీ చదివి వినిపించాడు కూడా:
"మన ఎర్రగీత, ఆటగాడి నెత్తురుకు గుర్తు."
నవ్వాపుకోలేకపోయా.
వాడు లైను కట్టయిందనుకున్నాడు.

కందుకూరులో పామూరు బస్టాండు పక్క సందు.
మా నాయన మాల్యాద్రి టేపుకు
మొదటి అంగుళం ఎప్పుడో ఊడిపోయింది.
ఏం కొలిచినా ఒకటి కలుపుకోవాలి.
నాయనకు తెలుసు, ఆ రాత్రి మర్చిపోయాడు.
డ్రిల్లు మాస్టారు కొలతలు
బడి టేపుతో రాసి పంపించాడు.
నాయన మా టేపుతో కత్తిరించాడు.
కబడ్డీ జట్టుకు ఏడు నిక్కర్లు,
ఏడూ తొడ దగ్గర అంగుళం బిగుతు.
తెల్లారితే సింగరాయకొండలో ఆట.
గుడ్డ లేదు, కొనటానికి డబ్బుల్లేవు,
కత్తెర కిందపెట్టి బీడీ వెలిగించుకున్నాడు నాయన.

మిషను కింద ఎర్రపీలికల కుప్ప,
జెండాల ఆర్డరులో మిగిలినవి.
వాటి మీదే పడుకుని ఉన్నా నేను.
అమ్మ నన్ను పక్కకు దొర్లించింది.
ఒక పీలిక లాగి
నిక్కరు పక్కకుట్టు పళ్లతో కొరికి విప్పి
మధ్యలో పెట్టి కుట్టుకుంటా పోయింది.
మాటా పలుకూ లేదు. పెడలు చప్పుడొక్కటే.
నాకు తొమ్మిదేళ్లు. నన్ను లేపి
పిన్నీసూ నాడాలూ చేతిలో పెట్టింది.

గెలిచి వచ్చారని పుస్తకంలో ఉంది.
ఓడిపోయారు, రెండు పాయింట్లతో.
కానీ తర్వాతి బేస్తవారం
గెలిచినోళ్లే బస్సెక్కి మా సందుకొచ్చారు,
"ఆ గీత నిక్కర్లు కుట్టేది ఇక్కడేనా?"

అట్టా వచ్చింది పేరు. గీత స్పోర్ట్స్,
మాల్యాద్రి అండ్ సన్స్.
గీత ఎవరు, మీ అమ్మాయా అనడిగితే
నాయన తలూపేవాడు.
నా పేరు కొండమ్మ.
పెళ్లయ్యేదాకా ఎన్ని వేల నాడాలెక్కించానో
లెక్క రాసినోళ్లు లేరు.

నాయన పోయినాక అన్నలు
గోడౌను మధ్య సుద్దముక్కతో ఇంకో గీత గీశారు.
మిషన్లు అటు పదహారు, ఇటు పదహారు.
ఓవర్‌లాక్ మిషను ఒక్కటే,
సరిగ్గా సుద్ద మీదుండిపోయింది.
కూతకొచ్చినోడు గీత దాటటానికి భయపడ్డట్టు
ఇద్దరూ దాన్ని ముట్టుకోలేదు.
దానికి తుప్పు పట్టింది, ఎలక ఈనింది.

ఒంగోలు కోర్టులో ఆరేళ్లు నడిచింది,
గీత ఎవరిదని.
వకీలు నిక్కరు ఎత్తి చూపిస్తే
జడ్జిగారు కళ్లజోడు సర్దుకున్నాడంట.
అమ్మ అప్పటికి బతికే ఉంది,
మా ఇంట్లో చింతపండు గింజలు తీసుకుంటా.
ఆమెను సాక్షిగా పిలవాలని
ఇటువాళ్లకూ తోచలేదు, అటువాళ్లకూ తోచలేదు.
చివరికి పెద్దన్నకు ఒక గీత,
చిన్నన్నకు రెండు.
ఇప్పుడు గుడ్డ తిరుప్పూరు నుంచి లారీలో దిగుద్ది.
గీత కుట్టరు, అచ్చేస్తారు.

మొన్న ఆడపిల్లల హైస్కూలు గ్రౌండులో
మా మనవరాలు నడుం పట్టుకుని నిలబడింది.
అచ్చు గీత రెండుతుకులకే పొట్టు రేగింది.
నాడా కొస లోపలికి జారిపోయింది.
అవతల ఈల ఊదుతున్నారు.
"రామే ఇట్టా" అన్నా.
పసుపుతాడుకున్న పిన్నీసు తీశా.
చూపు సరిగా ఆనకపోయినా
గుడ్డ లోపల పిన్నీసు నడక వేళ్లకు తెలుసు,
ముడత దగ్గర ఆగుద్ది, తోస్తే కదులుద్ది,
కుట్టు దగ్గర కొంచెం మొరాయిస్తది.
బయటికొచ్చింది. ముడేశా.
"పో. మధ్యలో గుక్క తిప్పుకోబాక."
తొడ చరుచుకుని పోయింది.

ఫొటో లేదురా అబ్బయా.
టేపుంది, రేకు డబ్బాలో.
పుస్తకానికి పనికొస్తే తీసుకుపో.
దేన్నన్నా కొలిచేటప్పుడు మాత్రం
ఒకటి కలుపుకోవటం మర్చిపోబాకండి.