నలభై రెండు కాళ్ళు

మర్రిపాలెం రైల్వే క్వార్టర్స్, కింది వాటా, వెనక గచ్చు.
పాత పెయింటు డబ్బాలో చిక్కుడుపాదు.
తీగ చివర పేనుబంక నల్లగా.
మొదట మసే అనుకున్నాను.
ఈ ఊళ్ళో గాలి
ఓడరేవు నుంచి వచ్చేటప్పుడు
చేతులు కడుక్కుని రాదు కదా.

ఆ పొద్దున ఒక అక్షింతల పురుగు వాలింది.
పసుపూ కుంకుమా కలిసిన రంగు, ఏడు చుక్కలు.
ఎవరి పెళ్ళిలోనో చల్లితే
గురి తప్పి మా ఇంట్లో పడ్డట్టు.
మా గుంట దాన్ని నా మోచేతి మీదికి ఎక్కించింది.
"కదలకు నాన్నా, మనకి మంచి జరుగుతాది."
కదల్లేదు.
మంచి జరగడం నాకూ అవసరమే.

ఆ రాత్రే, షెడ్డు డ్యూటీకి బూటు తొడుగుతుంటే
నాకంటే ముందే ఎవరో తొడుక్కుని ఉన్నారు.
జానెడు జెర్రి.
బొటనవేలి నుంచి తొడ దాకా నిప్పు పాకింది.
నూకరత్నం చీపురు తిరగేసేలోపు
నలభై రెండు కాళ్ళూ ఒకే మాట మీద పరిగెత్తి
కుండీల సందులో దూరాయి.
మా ఇంట్లో ముగ్గురం, ఆరు కాళ్ళు.
ఏనాడూ ఒకే మాట మీద నడవలేదు.

అక్షింతల పురుగుకీ ఆరే.
ఆకు అడుగున పచ్చటి గుడ్లు నిలబెట్టి
పోయింది, అదే పోత.
ముందు పుట్టిన పిల్ల పక్క గుడ్డుని తింటుంటే
గుంట చూసి ముఖం తిప్పుకుంది.
"ఇది దాని పిల్ల కాదు నాన్నా, ఏదో మొసలి."
నేనేమీ అనలేదు.

ఆదివారం చెప్పు చేతబట్టి కుండీలు జరిపాను.
చిట్టచివరి దాని కింద
పెంకుముక్క చాటున జెర్రి, చుట్ట చుట్టుకుని.
నడుమ సగ్గుబియ్యంలా గుడ్లు.
ఒక్కటీ నేలకి తగలకుండా
ఆ కాళ్ళన్నీ వాటి కిందే పెట్టింది.
ఒక్కొక్కదాన్నీ నోటితో తుడుస్తోంది.
పక్కనుంచి బొద్దింక పోయినా తలెత్తలేదు.
ఎన్నాళ్ళయిందో తిని.

నా వేలు ఇంకా సలుపుతూనే ఉంది.
చెయ్యి ఎత్తే ఉంది.
వెనక నుంచి నూకరత్నం:
"బాలింతరాలు. ఒగ్గేయ్."

చెప్పు కాలికి తొడుక్కున్నాను.
కుండీ మళ్ళీ పెట్టాను, కాస్త వంకరగా,
గాలాడేలా.

క్షమించానని కాదు.
ఇప్పుడు డ్యూటీకి వెళ్ళేముందు
బూటు రెండుసార్లు దులుపుతాను.
మూడోసారి, నేను చూడట్లేదనుకుని,
నూకరత్నం దులుపుతుంది.